దుబాయి నుంచి బొంబాయికి మూడు గంటలా, నాలుగున్నరా?

1988 ఆగస్టు 11, గురువారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. సిద్దిపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను డ్యూటీకి కూర్చుని సరిగ్గా పది నిమిషాలైంది. బోర్డు మీద హైదరాబాదు లైను దీపం వెలిగింది. ప్లగ్గు పెట్టగానే అవతలి గొంతు, "సిద్దిపేటా! దుబాయి నుంచి కాల్. మీ దర్జీ సాబును పిలువున్రి, జల్ది" అంది.

ఫోను జేబులో పెట్టుకుని తిరిగే మీకు ఈ మాట వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం చెబుతాను. అప్పట్లో సిద్దిపేట నుంచి ఏ దూరపు ఊరికి మాట్లాడాలన్నా మా చేతుల మీదుగానే పోవాలి. మేము హైదరాబాదును అడగాలి, హైదరాబాదు బొంబాయిని అడగాలి. ఆపరేటర్లం ఒకరినొకరం పేర్లతో పిలుచుకునేవాళ్లం కాదు. ఆమె నాకు హైదరాబాదు, నేను ఆమెకు సిద్దిపేట. పదకొండేళ్లు ఆ గొంతు విన్నాను, ముఖం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆమెకు జలుబు చేస్తే మొదట తెలిసేది నాకే.

దర్జీ సాబు దుకాణం మా ఎక్స్ఛేంజికి ఎదురుగానే. ఇల్లు దుకాణం వెనకాల. మా ఆపరేటర్లందరి జాకెట్లూ ఆయన కుట్టినవే. కిటికీలోంచి కేకేస్తే చాలు, మెడలో టేపుతో వచ్చేవాడు. ఆ రోజు ఆయన వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. ఆమెను ఊరంతా దాదీ అనేది. ఇద్దరూ మా కౌంటరు పక్కనున్న ఫోను గదిలో దూరారు.

అవతల మాట్లాడింది కాబోయే పెళ్లికొడుకు. హుస్నాబాద్ అబ్బాయి, దుబాయిలో ఏసీ మెకానిక్కు. దర్జీ సాబు పెద్దకూతురితో సంబంధం కుదిరి ఏడాది దాటింది, సెలవు మాత్రం దొరకలేదు. ఇప్పుడు దొరికింది, పది రోజులు. రేపు పొద్దున పదింటికి దుబాయిలో విమానం ఎక్కితే రెండున్నరకు బొంబాయిలో దిగుతాడు. సాయంత్రం బొంబాయి బస్సు పట్టుకుంటే శనివారం పదకొండింటికి సిద్దిపేట. మధ్యాహ్నం నమాజు అయ్యాక నిఖా. ఇంతవరకు చెప్పాడో లేదో, లైను పోయింది.

దాదీ గదిలోంచి బయటికొచ్చి, "పీర్ల నెల పుట్టకముందే వస్తుండు బిడ్డా!" అని నా భుజం చరిచింది.

ఆ మాటలోనే అసలు సంగతంతా ఉంది. శనివారం సాయంత్రం నెలవంక కనబడితే మొహర్రం మొదలవుతుంది. పీర్లు నిలబెట్టే ఆ నెలలో వాళ్లింట్లో పెళ్లిళ్లు చెయ్యరు. అబ్బాయి సెలవు ఆ నెల మధ్యలోనే అయిపోతుంది. మళ్లీ సెలవంటే రెండేళ్లు. శనివారం మధ్యాహ్నం కాకపోతే ఇక 1990 అన్నమాట.

మరునాడు శుక్రవారం. పదకొండున్నర దాటాక దర్జీ సాబు టేపు లేకుండా వచ్చాడు. అంటే ఏదో జరిగిందని మాకు అర్థమైంది. బస్సు డిపోలో చెప్పారట, వానలకు వాగు పొంగి బొంబాయి దారి తెగింది, బస్సులన్నీ అవతలే ఆగిపోయాయి. ఎప్పుడు కదులుతాయో ఎవరికీ తెలియదు.

"హైదరాబాదుల మా బామ్మర్ది ఉన్నడు. సాయంత్రం ఏడింటికి బొంబాయి నుంచి బేగంపేటకు విమానం ఉన్నదట, దాంట్ల సీటు చెప్పిచ్చిండు. ఆ విమానాల జాగ వేరేనట, టాక్సీల పోయి ఆరింటికల్ల కౌంటరు కాడ నిలవడాలె. గని పిలగానికి గీ సంగతి ఎట్ల తెలువాలె? దిగుడు దిగుడే బస్సు కాడికి ఉరుకుతడు" అన్నాడు దర్జీ సాబు.

దుబాయికి ఫోను చేద్దామంటే అబ్బాయి అప్పటికే గాలిలో ఉన్నాడు. అక్కడి పది మనకు పదకొండున్నర. బొంబాయి విమానాశ్రయం ఎంక్వైరీ నంబరు అడిగితే హైదరాబాదు నవ్వింది. "పొద్దటి సంది ఎంగేజే సిద్దిపేటా. ఆడ వాన దంచుతున్నది. ఊరంత గా నంబరుకే జేస్తున్నరు."

అప్పుడు దాదీకి గుర్తొచ్చింది. మన పక్క ఊరు దుద్దెడ మనిషి ఒకడు విమానాశ్రయం గేటు దగ్గరి హోటల్లో వంట చేస్తాడు. అక్కడినుంచి గేటుకు రెండు ఫర్లాంగులు. హోటలు నంబరు దర్జీ సాబు దగ్గర ఉంది, వంటతని బట్టలు కూడా ఆయనే కుడతాడు కాబట్టి. పన్నెండూ నలభైకి లైను దొరికింది. వంటతను మంచివాడు, సరేనన్నాడు. కానీ ఒక ఇబ్బంది.

"సేటు గంట సేపే వదుల్తడట" అన్నాడు దర్జీ సాబు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి. "ఏ గంటకు పోవాల్నో చెప్పుమంటుండు. ఏం జెప్పాలె?"

నేను వెంటనే, "మూడు నుంచి నాలుగు. రెండున్నరకు దిగుతాడు, అరగంట కాగితాలూ సామానూ" అన్నాను.

"ఆగమ్మా" అన్నాడు వెనకనుంచి మా సూపర్‌వైజరు.

ఆయన గురించి చెప్పాలి. వరంగల్ మనిషి. నెమ్మదస్తుడు. ప్రతి సోమవారం స్టూలెక్కి గోడగడియారానికి తానే కీ ఇచ్చేవాడు, ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ రైలు ప్రయాణాలే. టైంటేబుల్ పుస్తకం నోటికొచ్చు.

"పది నుంచి రెండున్నర అంటె నాలుగున్నర గంటల ప్రయాణం. ఆడ పది అంటె మనకు పదకొండున్నర. దానికి నాలుగున్నర కలుపు. సాయంత్రం నాలుగింటికి దిగుతడు. నాలుగున్నర కాడికి పోవాలె."

"రెండున్నర అంటే బొంబాయి టైము సార్. ఎక్కేది దుబాయి గడియారం ప్రకారం, దిగేది బొంబాయి గడియారం ప్రకారం."

"ఒక్క టికెటు మీద రెండు గడియారాలా? కాజీపేటల ఎక్కి ఢిల్లీల దిగితె టైం ఏమన్న మారుతదా? టైంటేబుల్ అంటె ఒక్కటే గడియారం. గదీ పద్ధతి."

ఇప్పుడు మీరు నవ్వుతారు. ఆ గదిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. మాలో ఒక్కరమూ విమానం ఎక్కినవాళ్లం కాదు. రైళ్లన్నీ ఒకే గడియారం మీద నడిచే దేశంలో ఆయన మాట తప్పెట్లా అవుతుంది? బొంబాయి లైనులో వంటతను ఆగి ఉన్నాడు. ట్రంకు కాలుకు లెక్క మూడు నిమిషాలు, అవి అయిపోవచ్చాయి. "మల్ల చేస్తం, ఫోను కాడనే ఉండు" అని చెప్పించి లైను వదిలాను.

దూరం తెలిస్తే గంటలు తెలుస్తాయి కదా అన్నాను. అట్లాసు కావాలి. దాదీ వీధి దాటి ఇంటికి పోయి తన చిన్న మనవడి బడి అట్లాసు పట్టుకొచ్చింది. ఆమె వెనకే ఎవరో వచ్చారు. చూస్తే పెళ్లికూతురు. ఒంటిమీద పెళ్లికి ముందు కట్టే మాంజా పసుపుబట్టలు, చేతుల్లో ఆరీ ఆరని గోరింటాకు, మెడలో తండ్రి టేపు.

"మాంజాల కూసున్న పిల్ల గడప దాటుతదానే! సిగ్గు లేదా?" దాదీ కసిరింది.

"గడప దాటకుంటె లెక్క ఎవరు జేస్తరు దాదీ? మీరు కొలిచేటాళ్లకు పీర్లు గుండం తొక్కి పోతయి" అంది ఆ పిల్ల. ఇంటరు లెక్కల్లో మంచి మార్కులొచ్చిన పిల్ల. గోరింటాకు చెరగకుండా రెండు మణికట్లతో టేపు పట్టుకుంటే మా చిన్న ఆపరేటరు రెండో కొస పట్టుకుంది. పేజీ అడుగున ఉన్న స్కేలు గీత మీద ఒకసారి, దుబాయి నుంచి బొంబాయికి ఒకసారి కొలిచారు. అటూ ఇటూగా పన్నెండు వందల మైళ్లు.

"వంకర తిరిగి వస్తదేమో" అన్నాడు సూపర్‌వైజరు.

"సముద్రం మీద గూడ వాగులు పొంగినయా సార్?" అంది చిన్న ఆపరేటరు. ఆయనకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు.

పెద్ద విమానం గంటకు సుమారు అయిదు వందల మైళ్లు పోతుందని నేను పేపర్లో చదివాను. పన్నెండు వందలను అయిదు వందలతో భాగిస్తే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఎక్కడానికీ దిగడానికీ అరగంట వేసుకున్నా మూడు గంటలు దాటదు. పదకొండున్నరకు మూడు కలిపితే రెండున్నర. గడియారాలు రెండని అక్కడే తేలిపోయింది.

సూపర్‌వైజరు కాగితం మీద మళ్లీ భాగించి చూశాడు. "లెక్క బాగనే ఉన్నది" అన్నాడు. "గని నా మనసు నాలుగే అంటున్నది. పందెం. ఓడినోళ్లు అందరికి జిలేబి."

"రెండేండ్లాగితె పెండ్లికి కుట్టిన కుర్తా నాకు పట్టది సార్, జర జల్ది తేల్చున్రి" అంది పెళ్లికూతురు. నవ్వుతూనే అంది. కానీ చుట్టిన టేపునే విప్పి మళ్లీ చుట్టడం నేను చూశాను. దర్జీ సాబు నా ముఖం వంక చూశాడు, సూపర్‌వైజరు ముఖం వంక చూశాడు, చివరికి, "మేడం చెప్పిందే చెప్పున్రి" అన్నాడు.

మూడు నుంచి నాలుగు అని వంటతనికి చెప్పాం.

ఆ తర్వాతి మూడు గంటలూ ఎవరికీ పని సాగలేదు. రెండింటికి నా డ్యూటీ అయిపోయినా నేను బోర్డు వదల్లేదు. పక్క ఊళ్ల నుంచి కాల్స్ వస్తున్నాయి, ఇస్తున్నాము. మధ్యమధ్యలో హైదరాబాదు, "సిద్దిపేటా, దుల్హా దిగిండా?" అని అడుగుతోంది. కుర్తా మాటతో సహా అంతా ఆమెకు చెప్పాను, ఆమె బొంబాయి ఆపరేటరుకూ చెప్పిందట. అక్కడామె మరాఠీలో ఏదో దీవించిందట. దర్జీ సాబు మిషను తొక్కుతున్నాడు కానీ సూదికి దారం లేదని మా కిటికీలోంచి చిన్న ఆపరేటరు అరిచి చెప్పాల్సి వచ్చింది.

నాలుగూ ఇరవైకి లైను దొరికింది. ఫోను గదిలో దర్జీ సాబు, దాదీ. వంటతను ఎత్తాడు. తడిసి ముద్దయ్యాడట. మూడింటినుంచి నాలుగింటిదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. మన అబ్బాయి రాలేదు. దుబాయి విమానం నుంచి ఎవరూ రాలేదు. గంట అయిపోయింది, సేటు మళ్లీ వదలడు.

నా లెక్క మళ్లీ వేసుకున్నాను. తప్పు లేదు. అయినా మనిషి లేడు. సూపర్‌వైజరు గోడగడియారం వంక చూసి, మెల్లగా, "నాలుగు" అన్నాడు. గెలిచినట్టు అనలేదు, భయపడుతూ అన్నాడు. "ఇప్పుడు దిగుతడమ్మా. మల్ల పొమ్మను."

"సేటు వదలడంట సార్."

దాదీ ఆ మాట విన్నది. కొడుకు చేతిలోంచి ఫోను లాక్కున్నది. ఆమె అంతకుముందు ఫోనులో మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. సేటుకు ఫోనివ్వమని, బొంబాయి ఎంత దూరమో అంత గట్టిగా అరిచింది.

"సేట్ సాబ్‌కో దేవ్! సేట్ సాబ్! మై సిద్దిపేట సే దాదీ బోల్‌రియుఁ!"

"బొంబాయికి ఫోనెందుకు దాదీ, కిటికీ తెరువు, చాలు" అంది చిన్న ఆపరేటరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

దాదీ సేటుతో మాట్లాడిన ఉర్దూ అంతా నాకు రాదు. అర్థమైనంత చెబుతాను. నీకు ఆడపిల్లలున్నారా అని అడిగింది. ముగ్గురని చెప్పినట్టున్నాడు. మరి నీ హోటల్లో గంటసేపు చాయ్ ఆగితే ఏమవుతుంది, ఇక్కడ నా మనవరాలి పెళ్లి రెండేళ్లు ఆగుతుంది, అప్పటికి నేనుంటానో ఉండనో, ఉన్నా నాకు బిర్యానీ నమిలే పండ్లుండవు అంది. నీ వంటవాణ్ని పంపకపోతే మానె, నువ్వే పో, నువ్వు పోతే నీ పిల్లల పెళ్లిళ్లలో నేనొచ్చి ఢోలక్ వాయిస్తా అంది. మూడు నిమిషాలు అయిపోయాయి. మూడు నిమిషాలైతే చెప్పడం నా పని. ఆ రోజు కూడా చెప్పాను. హైదరాబాదు, బొంబాయి, సిద్దిపేట, మూడు బోర్డుల మీదా కూర్చున్నవాళ్లం వింటున్నాం. "ఇంకొక మూడు వేసుకో సిద్దిపేటా, కట్ జెయ్యకు!" అంది హైదరాబాదు. దర్జీ సాబు గాజు తలుపులోంచి చేతులు జోడించి, వేసుకోమని తలూపాడు.

చివరికి సేటు ఏమన్నాడో దాదీ బయటికొచ్చి చెప్పింది. "పోతుండు. తనే పోతుండు. దుల్హాను ఎట్ల గుర్తుపట్టాలె అన్నడు. చేతిల టేప్ రికార్డర్ ఉంటదని జెప్పిన."

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "దుబాయి నుంచి దిగెటోళ్లందరి చేతుల గదే ఉంటది దాదీ!"

అదృష్టం, వంటతనికి ఆ ఆలోచన వచ్చింది. ఆ రోజు వంటలు రాసే పలక తుడిచి, దాని మీద సుద్దతో పెద్ద తెలుగు అక్షరాల్లో "సిద్దిపేట పెండ్లి" అని రాసి సేటు చేతికిచ్చాడు. సేటు గొడుగు వేసుకుని గేటుకు నడిచాడు. సేటుకు తెలుగు రాదు. పలక తలకిందులుగా పట్టుకున్నాడు.

అయిదూ నలభైకి హైదరాబాదు దీపం వెలిగింది. నేను ప్లగ్గు పెట్టేలోపే ఆమె అరిచింది. "దొరికిండు సిద్దిపేటా! దొరికిండు! టాక్సీల కూసున్నడట!"

చిన్న ఆపరేటరు కుర్చీలోంచి లేచి ఎగిరింది. సూపర్‌వైజరు, డ్యూటీలో ఎవరూ సీటు వదలరాదని రోజూ చెప్పే మనిషి, తానే కిటికీ దగ్గరికి పరిగెత్తి, "సాబూ! దొరికిండు!" అని వీధిలోకి కేకేశాడు. దుకాణంలోంచి మిషను ఆగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంట్లోంచి ఢోలక్ మొదలైంది. దాదీది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి హైదరాబాదు మొదటి బస్సు దిగిన పెళ్లికొడుకును దాదీ ఇంటికి తీసుకుపోలేదు. నేరుగా మా ఎక్స్ఛేంజికి తెచ్చింది. నలిగిన ప్యాంటు, చంకలో టేప్ రికార్డరు. చామనఛాయ, సిగ్గరి. సూపర్‌వైజరు మంచినీళ్లయినా ఇవ్వకుండా అడిగాడు. "బాబూ, ముందుగాల గిది చెప్పు. విమానం ఎన్నింటికి దిగింది?"

"నాలుగింటికి సార్."

"విన్నవా అమ్మా!" సూపర్‌వైజరు బల్ల చరిచాడు.

"ప్రయాణం ఎన్ని గంటలు పట్టాలట?" అన్నాను నేను.

"మూడే మేడం. దుబాయిలనే అర్ధగంట లేటుగ లేపిండు. బొంబాయి మీదికి వచ్చినంక వానకు దిగనియ్యలే. గంట సేపు ఆడాడనే తిప్పిండు. కిందికి జూస్తె మబ్బు. నాకైతె మల్ల దుబాయి తీస్కపోతడేమో అనిపిచ్చింది."

"విన్నారా సార్" అన్నాను.

ఆయన లెక్క తప్పు, జవాబు రైటు. నా లెక్క రైటు, జవాబు తప్పు. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటిది ఇంకొకటి చూడలేదు. పందెం ఎవరు గెలిచారో తేలక ఇద్దరం దాదీ వంక చూశాం. "ఇద్దరు ఓడిన్రు" అంది దాదీ. "నేను ఫోను జేసిన గాబట్కి దొరికిండు. ఇద్దరు జిలేబి తెప్పియున్రి."

తెప్పించాం. పెళ్లికొడుకు నిలబడే నాలుగు జిలేబీలు తిన్నాడు, ముందురోజు దుబాయి విమానంలో తిన్నదే తిండి అట. గేటు దగ్గర ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. బయటికి రాగానే బస్సు కోసం పరుగెత్తబోయాడట. ఒక లావుపాటి మనిషి పలకొకటి పట్టుకుని అందరి చేతులవైపే చూస్తున్నాడట. పలక మీద ఏదో తెలుగులా ఉందే అని మెడ వంచి, ఇంకా వంచి, నడుము దాకా వంగి చదివాడట. "సిద్దిపేట అన్నది తలకిందులుగ గూడ సిద్దిపేట లెక్కనే కనబడ్డది మేడం." సేటు టేప్ రికార్డరును చూసి, వంగిన తలను చూసి, "దుల్హా?" అన్నాడట. ఇతను ఔనన్నాడట. ఆ తర్వాత గాలికి సేటు గొడుగు ఎగిరి రోడ్డు దాటింది. ఇద్దరూ పలక నెత్తిన పెట్టుకుని టాక్సీ దాకా పరుగెత్తారు. ఆ తొందరలో ఒక చేతిసంచి విమానాశ్రయం సామాన్ల బండి మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం నిఖా అయింది. నా డ్యూటీ రెండింటికి దిగింది, రెండుంబావుకు నేను వెళ్లాను. ఖాజీ గారు అడిగినప్పుడు పిల్ల మూడుసార్లు సరేనంది. మూడోసారి అడగకముందే అనేసిందని దాదీ మొట్టికాయ వేసింది. సూపర్‌వైజరు శాకాహారి, ఆయన కోసం వేరుగా బగారన్నం, పచ్చిపులుసు చేయించారు. హైదరాబాదు, బొంబాయి ఆపరేటర్ల పేరు మీద దర్జీ సాబు రెండు విస్తళ్లు వడ్డించి పక్కన పెట్టాడు. వాటిని తర్వాత ఎవరు తిన్నారో నాకు తెలుసు, మా చిన్న ఆపరేటరు.

సాయంత్రం దాదీ, పెళ్లికొడుకు, సూపర్‌వైజరు, నేను, వీధిలో సగం మంది మిద్దె మీదికెక్కి పడమటి దిక్కు చూశాం. ఒకటే మబ్బు. నెలవంక కనబడలేదు. మొహర్రం ఒక రోజు వెనక్కి జరిగింది. అంటే ఆదివారం కూడా నిఖా చేసుకోవచ్చన్నమాట. ఆ సంగతి మొదట ఎవరికి తట్టిందో గుర్తులేదు. ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని మిద్దె మీద పడీపడీ నవ్వాం. ముందురోజు బొంబాయిలో విమానాన్ని దిగనివ్వనిదీ మబ్బే, ఇక్కడ చంద్రుణ్ని కనబడనివ్వనిదీ మబ్బే.

దూరాల గురించి ఎవరైనా పిల్లలు నన్నడిగితే ఇప్పటికీ ఇదే చెబుతాను. దుబాయి నుంచి బొంబాయికి పన్నెండు వందల మైళ్లు, మూడు గంటలు. ఎక్కే టైము ఎక్కిన ఊరిది, దిగే టైము దిగిన ఊరిది. కానీ ఆ శుక్రవారం నాడు అన్నిటికంటే దూరమైంది విమానాశ్రయం గేటు నుంచి హోటలు దాకా ఉన్న రెండు ఫర్లాంగులు. వంటతను ఒకసారి నడిచినా అందలేదు. దాదీ సిద్దిపేటలో కూర్చుని దాటించింది.

తర్వాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. మా బోర్డు విప్పేసి తీసుకుపోయారు. ఆ చివరి రోజు హైదరాబాదుతో మాట్లాడినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "సిద్దిపేటా, ఆ పిల్ల కుర్తా పట్టిందా?" పట్టిందని చెప్పాను.

ఆ రెండు రోజుల్లో పోయినవాటి లెక్క కూడా రాసి ముగిస్తాను. సేటు గొడుగు, ఒకటి. చేతిసంచి, ఒకటి, అందులో అత్తరు సీసాలు ఆరు, దాదీకి తెచ్చిన శాలువా ఒకటి. హోటలు పలక మీద ఆ రోజు వంటలు, తుడిచేసినవి, అయిదో ఆరో, వంటతనికీ సరిగ్గా గుర్తులేదు. పెళ్లికూతురి ఎడమచేతి గోరింటాకులో ఒక పువ్వు, టేపు కింద చెరిగింది. నా లెక్కల మీద నాకున్న నమ్మకంలో గంటన్నర.